అబ్బాయిలంటే భయం, అమ్మాయిలంటే అనుమానం: మన బెజవాడ, గుంటూరుల్లో మీరేం చూస్తున్నారు?

గుంటూరు_నాన్‌స్టాప్ • శనివారం, రాత్రి 10:42

నేను బెజవాడ బెంజి సర్కిల్ దగ్గర ఒక ఆఫీసులో పనిచేస్తాను. ఇల్లు గుంటూరు, కొరిటెపాడు. రోజూ బస్సే. మొన్న పని తెమిలేసరికి తొమ్మిదిన్నర దాటింది. మా టీమ్‌లోనే ఒకతను, వాళ్ళదీ గుంటూరే, "కార్లో వెళ్తున్నాను, మీ వీధి చివర దించేస్తా రండి" అన్నాడు. వద్దన్నాను. ముక్కూ మొహం తెలియని ఆటో ఎక్కి బస్టాండుకి పోయి, అక్కడ చాలాసేపు నిలబడి బస్సు పట్టుకున్నాను.

అతను మంచివాడే. ఇన్నాళ్ళలో ఒక్క పిచ్చి మాట అనలేదు. అయినా డోరు తీసి కూర్చోవడానికి కాలు ముందుకు పడలేదు.

మర్నాటి నుంచి నాతో పని మాటలు తప్ప ఇంకేం లేవు. "సాయం చేద్దామన్నా భయంగా ఉందిరా, రేపు ఏ కేసు మీద పడుతుందో" అని క్యాంటీన్‌లో అన్నాడట. అంటే నాకు అతనంటే భయం, అతనికి నేనంటే భయం. పక్కపక్క సిస్టమ్స్‌లో కూర్చుని ఒకే ప్రాజెక్టు చేస్తున్నాం.

తప్పెవరిదో తేల్చమని అడగడం లేదు. మీ కాలేజీల్లో, ఆఫీసుల్లో కూడా ఇలాగే ఉందా? మా అమ్మ కాలంలో కూడా ఇంతేనా, లేకపోతే ఎప్పటి నుంచి ఇలా అయింది?

మిర్చియార్డు_రాజా • శనివారం, రాత్రి 11:05

కారెక్కకపోవడం మీ ఇష్టం అక్కా, దాన్ని ఎవరూ కాదనరు. కానీ అతనన్న దాంట్లో తప్పేముంది? 2024 డిసెంబరులో బెంగళూరులో ఒక టెక్కీ, భార్య పెట్టిన కేసుల గురించి పేజీలకు పేజీలు రాసి, వీడియో పెట్టి ప్రాణం తీసుకున్నాడు. 2025 మార్చిలో మీరట్‌లో ఒకతన్ని చంపి డ్రమ్ములో పెట్టి సిమెంటు పోశారు, భార్యనీ ఆమె స్నేహితుణ్ణీ పట్టుకున్నారు. ఆ జూన్‌లోనే గద్వాల సర్వేయర్, పెళ్ళయి నెల తిరిగిందో లేదో పోయాడు. అక్కడా భార్యనే అరెస్టు చేశారు.

మా షాపులో పెళ్ళి మాటెత్తితే ముందు డ్రమ్ము జోకే పడుతుంది, నా స్టేటస్ కూడా అదే. నవ్వుకుంటాం గానీ లోపల గుబులుంది. అమ్మాయికి భయమంటే యాప్ పెడతారు. అబ్బాయికి భయమంటే నవ్వుతారు.

అరండల్‌పేట_12వలైను • శనివారం, రాత్రి 11:31

రాజా గారూ, మీరు చెప్పిన మూడింటిలో ఒక్కటీ మన ఊరు కాదు. మన ఊరి సంగతి నేను చెప్తా.

2021 ఆగస్టు 15, జెండా పండగ రోజు. కాకాని రోడ్డులో, పట్టపగలు, జనం చూస్తుండగా బీటెక్ చదివే అమ్మాయిని కత్తితో పొడిచి చంపాడు. ఇన్‌స్టాలో పరిచయమైనవాడు. సీసీ కెమెరాలో అంతా పడింది. 2022 ఏప్రిల్లో గుంటూరు కోర్టు వాడికి ఉరిశిక్ష వేసింది. 2020 అక్టోబరులో బెజవాడ క్రీస్తురాజపురంలో ఇంకో ఇంజనీరింగ్ అమ్మాయి సొంత ఇంట్లోనే కత్తిపోట్లకి బలైంది.

కాకాని రోడ్డు ఘటన జరిగినప్పుడు నేనూ బీటెక్కే. మర్నాడు మా వార్డెన్ గేటుకి తాళం వేసి టిఫిన్ లోపలికే తెప్పించింది. సాయంత్రానికల్లా మా నాన్న ఊరి నుంచి వచ్చి నా ఫోన్ తీసుకుని ఇన్‌స్టా తీయించేశాడు. అమ్మ ఫోన్లో ఏడుస్తూ చున్నీ సరిగ్గా వేసుకోమంది. మా తమ్ముడు అప్పుడు ఇంటర్. వాడికీ ఇన్‌స్టా ఉంది, ఎవరెవరికో రిక్వెస్టులు పెడుతూనే ఉంటాడు. "ఒరేయ్, ఆ పిల్ల వద్దంటే అక్కడితో వదిలెయ్యాలి" అని వాణ్ణి కూర్చోబెట్టి ఒక్కళ్ళూ చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు. చెప్పాలని ఎవరికీ తట్టలేదు.

మీ డ్రమ్ము జోకు గురించి రేపు మాట్లాడుకుందాం.

బ్రాడీపేట_కుర్రోడు • ఆదివారం, ఉదయం 7:20

నాది సెకండ్ షిఫ్టు. రాత్రి పదకొండుకి శంకర్ విలాస్ సెంటర్ నుంచి లైన్లలోంచి నడిచొస్తా. నేను ఆరడుగులు, గడ్డం, భుజాన నల్ల బ్యాగు. ముందు ఎవరైనా అమ్మాయి నడుస్తుంటే, నా చెప్పుల చప్పుడు విని ఆమె నడక పెరగడం నాకు తెలుస్తుంది. మొదట్లో ఒళ్ళు మండేది. నేనేం చేశాను అని.

ఇప్పుడు ఫోన్ తీసి చెవి దగ్గర పెట్టుకుని, "అమ్మా, పెరుగు ప్యాకెట్ తేవాలా? చిన్నదా పెద్దదా?" అని గట్టిగా మాట్లాడతా. అవతల ఎవరూ ఉండరు. అమ్మ ఎప్పుడో నిద్రపోయి ఉంటుంది. కానీ పెరుగు ప్యాకెట్ మాట వినగానే ముందున్నామె భుజాలు కాస్త కిందికి దిగుతాయి. నిజంగా కనిపిస్తుంది అది.

మిర్చియార్డు_రాజా • ఆదివారం, ఉదయం 7:48

ఏ తప్పూ చేయనివాడు రోజూ ఈ నాటకం ఆడాలా బ్రో? మనకి పౌరుషం లేదా?

బ్రాడీపేట_కుర్రోడు • ఆదివారం, ఉదయం 8:02

ఆడాలని ఎవరూ చెప్పలేదు. నేను ఆడుతున్నా. అవమానంగా ఉంటుందా అంటే ఉంటుంది. అది రెండు నిమిషాలు ఉండి పోతుంది. ఆమెకి నా వల్ల రాత్రంతా నిద్ర పట్టకపోతే దానికి పౌరుషం ఏం సాయం చేస్తుంది?

కానూరు_చిన్నోడు • ఆదివారం, ఉదయం 8:30

ఒక డౌటు. కొలీగ్ కారెక్కని అక్క ఎవరో తెలియని ఆటో ఎలా ఎక్కింది? నాకు లాజిక్ అర్థం కావట్లేదు. ఎగతాళి కాదు, నిజంగానే అడుగుతున్నా.

గుంటూరు_నాన్‌స్టాప్ • ఆదివారం, ఉదయం 9:15

మంచి ప్రశ్న. నేనూ ఆలోచించాను. ఆటో ఎక్కే ముందు వెనకాల నంబరు ఫోటో తీసి అమ్మకి పంపాను. డ్రైవర్ చూశాడు, ఏమీ అనుకోలేదు, వాళ్ళకి అలవాటే. దారిలో అమ్మతో ఫోన్లో మాట్లాడుతూనే ఉన్నాను. బైక్ టాక్సీ అయితే మధ్యలో బ్యాగు పెట్టుకుంటాను, వాళ్ళూ ఏమీ అనుకోరు.

అదే పని కొలీగ్ దగ్గర చేయగలనా? కారు ముందు నిలబడి నంబరు ప్లేటు ఫోటో తీస్తే అతని మొహం ఎలా ఉంటుంది? తెలియనివాళ్ళ దగ్గర జాగ్రత్తపడితే జాగ్రత్త అంటారు, తెలిసినవాళ్ళ దగ్గర పడితే అవమానించింది అంటారు. అందుకని తెలిసినవాళ్ళతో నాకున్న దారి ఒక్కటే, అసలు ఎక్కకపోవడం.

బస్టాండ్_ఆటో • ఆదివారం, ఉదయం 10:05

చెల్లెమ్మ చెప్పింది కరెక్టు. నేను నెహ్రూ బస్టాండ్ దగ్గర ఆటో వేస్తా. రాత్రి పూట ఆడపిల్లలు నంబరు ఫోటో తీసుకుంటే నాకే ధైర్యం. రేపు ఏమైనా అయితే వీడు సరిగ్గానే దించాడని దానికో లెక్క ఉంటది. కొందరు డ్రైవర్లు చిరాకు పడతారు. అట్టాంటోళ్ళ ఆటో ఎక్కమాకండి.

రిటైర్డ్_హెడ్‌గారు • ఆదివారం, ఉదయం 11:40

నేను ఉమ్మడి కృష్ణా, గుంటూరు జిల్లాల స్టేషన్లలో హెడ్ కానిస్టేబుల్‌గా చేసి రిటైరయ్యాను. కుర్రకారు ఇద్దరి వైపూ వినాల్సిన మాటలు కొన్ని ఉన్నాయి. పొడుగైనా ఓపిగ్గా చదవండి.

ముందు అమ్మాయిల భయం. అత్యాచారం కేసుల్లో నిందితుడు బయటివాడు కావడం బాగా తక్కువ. నూటికి తొంభైకి పైగా కేసుల్లో తెలిసినవాడే అని జాతీయ నేర గణాంకాలు ఏటేటా చెప్తూనే ఉన్నాయి. స్టేషన్లో నేను చూసిందీ అదే. చుట్టం, పక్కింటివాడు, ప్రేమించానన్నవాడు. కాబట్టి ఆ పాప కారెక్కకపోవడాన్ని పిచ్చి అనకండి.

వెంటపడేవాడి మీద కంప్లైంటు మా దగ్గరికి ఎప్పుడూ ఆలస్యంగానే వచ్చేది. మొదటి నెలల్లో ఇంట్లో చెప్పరు, చెప్తే చదువు మాన్పిస్తారని. ఇంట్లో తెలిశాక స్టేషన్‌కి రారు, పరువు పోతుందని. పెద్దమనుషుల్లో పెట్టి రాజీ చేస్తారు. వాడు నెలరోజులు ఊరుకుని మళ్ళీ మొదలుపెడతాడు. 2024 జులై 1 నుంచి ఐపీసీ బదులు వచ్చిన కొత్త చట్టంలో (భారతీయ న్యాయ సంహిత) వెంటపడటం సెక్షన్ 78 కిందికి వస్తుంది. మొదటిసారికి మూడేళ్ళ దాకా, రెండోసారికి ఐదేళ్ళ దాకా జైలు. మొదటిసారి బెయిలబుల్, రెండోసారి కాదు. అంటే మొదటిసారి కేసు రాయించకుండా రాజీ పడితే, రెండోసారి కూడా వాడికి మొదటిసారే అవుతుంది. ఈ ఒక్క ముక్క ప్రతి తల్లీతండ్రీ గుర్తు పెట్టుకోవాలి.

యాప్ సంగతి కూడా. 2020లో దిశ యాప్ వచ్చింది, 2025 మహిళా దినోత్సవానికి శక్తి యాప్ వచ్చింది. 21 రోజుల్లో తీర్పు అని అసెంబ్లీ 2019 డిసెంబరులో చేసిన దిశ బిల్లు మాత్రం రాష్ట్రపతి ఆమోదం దాకా పోలేక ఆగిపోయింది. ప్రభుత్వాలు మారితే పేర్లు మారతాయి. 112 మారదు. 181 మారదు. అవి కంఠతా ఉంచుకోండి.

ఇక అబ్బాయిల భయం. తప్పుడు కేసులు లేవని నేననను. కానీ నేను చూసినవాటిలో ఎక్కువ అమ్మాయి పెట్టినవి కావు, అమ్మాయి నాన్న పెట్టినవి. పిల్ల ఇష్టపడి వేరే కులం కుర్రాడితో వెళ్ళిపోతుంది. తెల్లారేసరికి కిడ్నాప్ కేసు. పిల్లకి పద్దెనిమిది నిండకపోతే పోక్సో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం, అక్కడ ఆమె ఇష్టపడ్డానన్నా చెల్లదు. నిండితే మేం పట్టుకొచ్చాక స్టేషన్లో ఆమెను అటూ ఇటూ లాగి, "బలవంతంగా తీసుకెళ్ళాడు" అని చెప్పమంటారు. కొందరు చెప్పరు. కొందరు తల్లి కాళ్ళ మీద పడేసరికి చెప్తారు. ఆ కుర్రాడు బెయిల్ మీద బయటికొచ్చి జీవితాంతం అమ్మాయిలందరినీ తిడతాడు. కాయితం రాయించిన మామని ఒక్క మాట అనడు.

కానూరు_చిన్నోడు • ఆదివారం, మధ్యాహ్నం 12:10

హెడ్‌గారూ, ఇబ్రహీంపట్నం హాస్టల్ కేసు గురించి కూడా చెప్పండి. నేను చిన్నప్పుడు విన్నాను.

రిటైర్డ్_హెడ్‌గారు • ఆదివారం, మధ్యాహ్నం 12:34

నేను ఆ కేసులో లేను. పేపర్లో వచ్చినంత వరకే చెప్తాను. 2007 డిసెంబరులో ఇబ్రహీంపట్నంలో లేడీస్ హాస్టల్లో బీఫార్మసీ చదివే అమ్మాయిని చంపేశారు. 2008లో నందిగామ వైపు కుర్రాణ్ణి ఒకణ్ణి పట్టుకున్నారు. 2010లో బెజవాడ మహిళా కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చిలో హైకోర్టు ఆ కుర్రాడు నిర్దోషి అని వదిలేసింది, అప్పటికి ఎనిమిదేళ్ళు జైల్లో గడిచాయి. తర్వాత సీబీఐకి వెళ్ళింది.

ఆ తల్లి మొదటి నుంచీ ఒకటే మాట అంటూ వచ్చింది, ఈ పిల్లాడు కాదు అని. కూతుర్ని పోగొట్టుకున్న మనిషి, జైల్లో ఉన్న కుర్రాడి తరఫున మాట్లాడింది. ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క అని గీత గీసే వాళ్ళు ఈ కేసుని ఏ పక్కన పెడతారో నాకు తెలియదు.

ఇంటర్_లెక్చరర్ • ఆదివారం, మధ్యాహ్నం 2:15

ఎప్పటి నుంచి ఇలా అయిందని మొదటి పోస్టులో అడిగారు. నేను చాలా ఏళ్ళుగా రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీల్లో ఫిజిక్స్ చెప్తున్నాను. ఏ కాలేజీ అని అడక్కండి, ఉద్యోగం ఉండాలి.

గూడవల్లి, నిడమానూరు, ఈడుపుగల్లు, కానూరు. బెజవాడ చుట్టూ ఎన్ని క్యాంపస్‌లున్నాయో మీకు తెలుసు. అబ్బాయిల క్యాంపస్ ఒకటి, అమ్మాయిల క్యాంపస్ ఒకటి. ఒకే బిల్డింగ్ అయితే మెట్లు వేరు, లంచ్ టైము వేరు, ఔటింగ్ ఆదివారాలు వేరు. అడ్మిషన్లప్పుడు తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న ర్యాంకుల గురించి, రెండోది "కలిపి ఉండరు కదండీ?" అని. కాలేజీ వాళ్ళు అమ్మేదీ అదే. చాలామందికి ఎనిమిదో తరగతి నుంచే ఇది మొదలవుతుంది.

ఒకసారి ఏదో కారణం వల్ల గ్రాండ్ టెస్టుకి రెండు క్యాంపస్‌ల పిల్లల్నీ ఒకే హాల్లో కూర్చోబెట్టారు. ఒకమ్మాయి పెన్ను ఆగిపోయింది. పక్క బెంచీ అబ్బాయిని అడిగింది, "ఒక పెన్ను ఇస్తారా" అని. గుంటూరు జిల్లా టాపర్లలో ఒకడు వాడు, ఫిజిక్స్‌లో కష్టమైన ఇరోడోవ్ పుస్తకం లెక్కలు చేసి పడేసేవాడు. పెన్ను చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఇవ్వాలో, బెంచీ మీద పెట్టాలో, ఆమె మొహం చూడాలో వద్దో తెలియలేదు. ఈలోగా వెనక నుంచి "ఓఓఓ" అని హాలంతా గోల. ఇన్‌ఛార్జి వచ్చి ఇద్దరి పేర్లూ రాసుకున్నాడు. సాయంత్రం ఇద్దరి ఇళ్ళకీ ఫోన్లు వెళ్ళాయి. ఆ అమ్మాయి తండ్రి సత్తెనపల్లి నుంచి రాత్రికి రాత్రే వచ్చాడు. పెన్ను అడిగినందుకు.

ఈ ఇద్దరూ రెండేళ్ళ తర్వాత ఒకే ఇంజనీరింగ్ కాలేజీలో పక్కపక్కన కూర్చుంటారు. ఆ తర్వాత నాలుగేళ్ళకి ఒకే ఆఫీసు. మధ్యలో ఎక్కడ నేర్చుకోవాలి? వాళ్ళకి ఒకరి గురించి ఒకరికి తెలిసిందంతా ఫోన్లో చూసిందే. అబ్బాయి ఫోన్లో డ్రమ్ము రీల్సు, అమ్మాయి ఫోన్లో యాసిడ్ వార్తలు. ఎవరేది ఎక్కువసేపు చూస్తే వాళ్ళకి అదే మళ్ళీ మళ్ళీ వస్తుంది. సినిమాల్లో హీరో వెంటపడటం గురించి అందరూ అంటారు, నిజమే, కానీ నా దృష్టిలో సినిమా చిన్న ముద్దాయి. రెండున్నర గంటల సినిమా చూసి పాడయ్యాడంటున్నాం, ఐదారేళ్ళు గోడ కట్టిన వాళ్ళకి మాత్రం ఫీజు కట్టి వస్తున్నాం.

అరండల్‌పేట_12వలైను • ఆదివారం, మధ్యాహ్నం 2:40

సార్, కలిపి ఉన్న కాలేజీల్లో వేధింపులు లేవా? కాకాని రోడ్డు వాడు కార్పొరేట్ కాలేజీ గోడ వల్లే అలా అయ్యాడా? అబ్బాయిలకి మాట్లాడటం రాదు పాపం అనేది వినీ వినీ విసుగొచ్చింది. మాట్లాడటం రాకపోవడం వేరు, వద్దంటే ఒప్పుకోకపోవడం వేరు.

ఇంటర్_లెక్చరర్ • ఆదివారం, మధ్యాహ్నం 3:05

మీరన్నది ఒప్పుకుంటానమ్మా. హత్య చేసినవాడికి నా సిద్ధాంతం అడ్డం పెట్టను. నేను చెప్తున్నది ఆ కారున్న అబ్బాయి గురించి, పెన్ను పట్టుకున్న అబ్బాయి గురించి. వాళ్ళు చాలామంది. వాళ్ళే తర్వాత మూగనోము పడతారు, లేకపోతే డ్రమ్ము జోకులేస్తారు.

మోడరేటర్ • ఆదివారం, మధ్యాహ్నం 3:30

ఫ్రీ బస్సు మీద ఏడు కామెంట్లు వచ్చాయి. "2025 ఆగస్టు 15 నుంచి సీట్లన్నీ వాళ్ళవే" దగ్గర మొదలై బూతుల దాకా వెళ్ళాయి, తీసేశాను. స్త్రీ శక్తి పథకం మీద వాదించుకోవాలంటే వేరే టాపిక్ పెట్టుకోండి. ఇక్కడ వద్దు.

పటమట_పిన్ని • ఆదివారం, సాయంత్రం 5:10

అమ్మ కాలంలో ఎలా ఉండేదని అడిగింది కదా ఆ పిల్ల. అప్పుడు నమ్మకం ఉండేదని నేను చెప్పను. మమ్మల్ని అడిగినవాళ్ళెవరు? పెళ్ళికి ముందు మా ఆయన గొంతు నేను వినలేదు. భయం ఉండేది, దాన్ని సిగ్గు అనేవాళ్ళు.

నాకు ఒక కూతురు, ఒక కొడుకు. ఇద్దరికీ ఒకేసారి సంబంధాలు చూస్తున్నాం. మావారి డైరీలో ఎదురెదురు పేజీలున్నాయి. ఎడమ పేజీలో అబ్బాయి గురించి కనుక్కోవాల్సినవి: తాగుతాడా, అప్పులున్నాయా, ఆన్‌లైన్ రమ్మీ ఆడతాడా, కోపమెక్కువా. కుడి పేజీలో అమ్మాయి గురించి: ఎవరితోనైనా తిరిగిందా, ఫోన్ ఎక్కువ చూస్తుందా, గొడవ పెట్టుకునే రకమా, వాళ్ళ వైపు లాయర్లెవరైనా ఉన్నారా. ఆ చివరి ప్రశ్న చూసి నవ్వాను. ఆయన నవ్వలేదు. వాళ్ళ ఫ్రెండు కొడుకు కేసు చూశాక ఆయనకి ఆ గుబులు పట్టుకుంది.

మొన్న పెళ్ళిచూపుల్లో ఇద్దర్నీ మాట్లాడుకోమని బాల్కనీలోకి పంపాం. కాఫీ చల్లారకముందే లోపలికి వచ్చేశారు. అతను "మీకు పాస్ట్ ఏమైనా ఉందా" అన్నాడట. మా అమ్మాయి "మీకుందా" అందట. సంబంధం తప్పిపోయింది. వాళ్ళు ఫోన్ చేసి, "అమ్మాయి కాస్త ఎదురు మాట్లాడుతుందండీ" అన్నారు.

నేను కూతురితో అబ్బాయిల దగ్గర జాగ్రత్త అంటాను. కొడుకుతో అమ్మాయిల దగ్గర జాగ్రత్త అంటాను. ఇద్దరికీ ఒకే టేబుల్ మీద అన్నం పెడుతూ. వాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నవ్వుకుంటారు.

సియోల్_ఎమ్మెస్ • ఆదివారం, సాయంత్రం 6:25

మాది గుణదల, ఇప్పుడు కొరియాలో చదువుతున్నా. మన కే-డ్రామా అమ్మాయిలకి ఒక మాట. మీరు చూసే గొడుగు పట్టే హీరోల దేశంలో ఈ జబ్బు మనకన్నా ముదిరిపోయింది. 2016లో గంగ్నమ్ స్టేషన్ దగ్గర పబ్లిక్ టాయిలెట్‌లో ఒకమ్మాయిని తెలియనివాడు చంపేశాక అమ్మాయిలు స్టేషన్ గోడ నిండా చీటీలు అంటించారు. రహస్య కెమెరాల మీద 2018లో వేలమంది రోడ్డెక్కారు. కుర్రాళ్ళేమో మిలిటరీ సర్వీసు మేమే చేయాలి, మమ్మల్నే తిట్టాలా అని ఇంకో వైపు తిరిగారు. 2022 అధ్యక్ష ఎన్నికల్లో ఇరవైల్లో ఉన్న అబ్బాయిలు ఎక్కువమంది ఒక పార్టీకి, అదే వయసు అమ్మాయిలు ఎక్కువమంది ఇంకో పార్టీకి వేశారు. 2023లో జననాల రేటు 0.72కి పడిపోయింది. దానికి ఇళ్ళ ధరలూ, చదువుల ఖర్చులూ చాలా కారణాలున్నాయి, ఇదొక్కటే అనను. కానీ నా ల్యాబ్‌మేట్స్‌లో అబ్బాయిలు, అమ్మాయిలు వేర్వేరు టేబుళ్ళ దగ్గర తింటారు. చూస్తే మన ఇంటర్ కాలేజీ గుర్తొస్తుంది.

అరండల్‌పేట_12వలైను • ఆదివారం, సాయంత్రం 6:50

రహస్య కెమెరా అంటే గుర్తొచ్చింది. 2024 ఆగస్టులో కృష్ణా జిల్లాలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్ బాత్రూముల్లో కెమెరాలు పెట్టారని అమ్మాయిలు అర్ధరాత్రి టార్చిలైట్లు పట్టుకుని కూర్చున్నారు. పోలీసులు వెతికి, కెమెరాలేవీ దొరకలేదన్నారు. దొరకలేదంటే సంతోషమే కదా? మా పీజీ హాస్టల్లో మాత్రం ఆ వారమంతా లైటు తీసేసి, ఫోన్ కెమెరాతో షవర్ తల దగ్గర వెతికి గానీ ఎవరూ స్నానం చేయలేదు. మా రూమ్మేట్ ఇప్పటికీ హుక్కుకి టవల్ వేసి కప్పుతుంది. లేదని చెప్పినా నమ్మలేనంత దూరం వచ్చేశాం.

మిర్చియార్డు_రాజా • ఆదివారం, రాత్రి 8:15

అందరూ చెప్పారు, నాదీ వినండి. మా బావ మీద 498ఏ, అదే భార్యని వేధించాడన్న కేసు, పెట్టారు. గొడవ వాళ్ళిద్దరిదీ. కానీ కేసులో మా అత్త, నడవలేని మామ, హైదరాబాదులో ఉండే మా వదిన, అందరి పేర్లూ రాశారు. స్టేషన్ మెట్లెక్కినప్పుడు మా మామ చెయ్యి పట్టుకుంది నేనే. అది చూసినవాడికి గుబులు ఉండదా?

లాయర్_సూర్యారావుపేట • ఆదివారం, రాత్రి 9:00

ఉంటుంది. కట్నం అడగలేదని మీరు అనలేదు, అది గమనించాను, సరే, అది కోర్టులో తేలుతుంది.

పాత 498ఏ ఇప్పుడు కొత్త చట్టంలో సెక్షన్ 85. ఇంటిల్లిపాదినీ ఇరికించే అలవాటు ఉందని కోర్టులే చాలాసార్లు అన్నాయి. 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, ఏడేళ్ళలోపు శిక్ష పడే కేసుల్లో కంప్లైంటు రాగానే అరెస్టు చేయకూడదు, ముందు నోటీసివ్వాలి, అరెస్టు ఎందుకు అవసరమో పోలీసులు రాసి పెట్టాలి అని చెప్పింది. మీ మామగారికి వచ్చింది అరెస్టా, నోటీసా చూడండి. నోటీసైతే హాజరు కావడం తప్పనిసరి, భయపడక్కర్లేదు. సంబంధం లేనివాళ్ళ పేర్లు తీయించడానికి హైకోర్టులో క్వాష్, అంటే కేసు కొట్టేయమనే పిటిషన్, వేయచ్చు, దూరంగా ఉండే ఆడబిడ్డల విషయంలో కోర్టులు తరచూ ఒప్పుకుంటాయి.

ఇంకో పక్క కూడా చెప్పాలి. నా దగ్గరికి వచ్చే అమ్మాయిల్లో చాలామంది అసలు కేసు వద్దనే వస్తారు. బంగారం, సర్టిఫికెట్లు వెనక్కిప్పించండి చాలు అంటారు. ఏళ్ళు గడుస్తాయి, పనవదు. చివరికి ఎవరో "498ఏ వేస్తే దిగొస్తారు" అని సలహా ఇస్తారు. సివిల్ కోర్టు త్వరగా పనిచేస్తే ఇందులో సగం క్రిమినల్ కేసులు పుట్టవు.

మొదటి పోస్టులో కొలీగ్ భయం గురించి: "ఏ కేసు మీద పడుతుందో" అన్నాడు కదా. లిఫ్ట్ ఇస్తానంటే ఏ సెక్షనూ రాదు. వద్దన్న తర్వాత మళ్ళీ మళ్ళీ అడిగితేనే ఇబ్బంది. పదిమంది, ఆ పైన ఉన్న ఏ ఆఫీసులోనైనా, పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండాలి. అధ్యక్షురాలు ఆ సంస్థలో సీనియర్ మహిళ, బయటి సభ్యులొకరు, సగం మందికి తక్కువ కాకుండా మహిళలు. ఘటన జరిగిన మూడు నెలల్లో ఫిర్యాదు ఇవ్వాలి, తొంభై రోజుల్లో విచారణ ముగించాలి, ఇద్దరి వాదనా వినాలి. కావాలని అబద్ధపు ఫిర్యాదు చేస్తే చర్య తీసుకోవచ్చని కూడా అందులోనే ఉంది, రుజువు కానంత మాత్రాన అబద్ధం అనకూడదనీ ఉంది. అబ్బాయిలెవరూ ఇది చదవరు. చదివితే సగం దడ తగ్గుతుంది.

గుంటూరు_నాన్‌స్టాప్ • ఆదివారం, రాత్రి 9:20

మా ఆఫీసులో కమిటీ బోర్డు లిఫ్టు పక్కనే ఉంది. రోజూ చూస్తాను. అందులో ఉన్న ఇద్దరు ఉద్యోగం మానేసి చాలా కాలమైంది.

లాయర్_సూర్యారావుపేట • ఆదివారం, రాత్రి 9:26

హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టండి, మీ ఒక్కరి పేరు మీద కాకుండా మీ టీమ్ అందరి తరఫున. ఆ అబ్బాయిని కూడా సంతకం పెట్టమనండి.

మిర్చియార్డు_రాజా • ఆదివారం, రాత్రి 9:41

లాయర్ గారూ, మా షాపులో లెక్కలు రాసే ఆడవాళ్ళు నలుగురితో కలిపి పన్నెండు మందిమి. కమిటీ పేరు కూడా ఎవరూ వినలేదు. పెట్టకపోతే ఏమవుతుంది?

లాయర్_సూర్యారావుపేట • ఆదివారం, రాత్రి 9:50

యాభై వేల దాకా జరిమానా. ఓనరుకి అంకె చెప్పండి, అది వింటారు. పదిమందికి తక్కువ ఉన్న కొట్లకైతే జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది, ఫిర్యాదు అక్కడ ఇవ్వచ్చు.

మిర్చియార్డు_రాజా • ఆదివారం, రాత్రి 9:58

చెప్తా. ఇద్దరి వాదనా వింటారంటే నాకూ మంచిదే.

అరండల్‌పేట_12వలైను • ఆదివారం, రాత్రి 10:03

ఓనరుకి చెప్పే ముందు ఆ డ్రమ్ము స్టేటస్ తీసెయ్యండి. ఆ నలుగురు ఆడవాళ్ళూ మీ కాంటాక్టుల్లోనే ఉండి ఉంటారు.

మిర్చియార్డు_రాజా • ఆదివారం, రాత్రి 10:11

అది జోకండీ. వాళ్ళూ నవ్వారు.

అరండల్‌పేట_12వలైను • ఆదివారం, రాత్రి 10:12

నవ్వక ఏం చేస్తారు? రేపు పొద్దున మీ పక్కనే కూర్చుని బిల్లులు రాయాలి కదా.